మేపుల్ చెక్క మీద పేరు

నల్ల గిటారు ఎక్కడ కనిపించినా దగ్గరికి వెళ్లి చూడటం నాకు అలవాటైపోయింది. ఆ అలవాటు బెంగళూరు నుంచి చింతామణి వెళ్లే బస్సులో అంటుకుంది.

పక్క సీటు మనిషి చేతివేళ్లు గోళ్ల సందుల దాకా నల్లగా ఉన్నాయి. నేను చూడటం గమనించి అతనే చెప్పాడు, బెంగళూరులో గిటార్లు చేసే చోట ఆ పొద్దే పని మానేసి వస్తున్నాడని.

"మేపుల్ చెక్కలో అలల మాదిరి చారలుంటాయప్పా. నల్లరంగు పూసి, ఆరినాక ఉప్పుకాగితంతో రుద్దితే ఆ చారలు మాత్రం నల్లగా నిలుస్తాయి. మా తమ్ముడు ఆ రుద్దే పని చేస్తాండె."

ఏళ్ల తరబడి ఆ దుమ్ము పీల్చి, ఊపిరితిత్తులు చెడి తమ్ముడు చనిపోయాడట. కడసారి చూపుకు రమ్మని తల్లి ఓనరుకు కబురు పంపితే, అట్లాంటి పేరున్నవాడు తన దగ్గర ఎన్నడూ పనిచేయలేదన్నాడట.

"నిన్న కొత్త చెక్క మీద పల్చని జిగురుతో రాసినానప్పా. ఆరితే కనపడదు. జిగురున్న తావ రంగు పట్టదు. మొదటి పూత ఎప్పుడూ ఓనరే పూస్తాడు, కొనేవాళ్లందరి ముందర."

"ఏం రాసినావు?"

దుమ్ము పట్టిన కిటికీ అద్దం మీద కన్నడ అక్షరాల్లో ఒక పేరు రాశాడు.

"నీ పేరా?"

"కాదప్పా. మా తమ్మునిది."

చింతామణిలో దిగేముందు టైమెంతయిందని అడిగాడు. అయిదు దాటిందన్నాను.

"ఈపాటికి ఓనరు బ్రష్షు పట్టుకోనుంటాడు," అన్నాడు. దారి పొడుగునా అతను నవ్వింది అప్పుడే.