జాబితాలో మొదటి ఇల్లు

చెన్నై నుంచి అహ్మదాబాద్ వెళ్ళే ఎక్స్‌ప్రెస్ వరంగల్‌కు నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. సిరిసిల్లలో మధ్యాహ్నం బస్సెక్కి, కరీంనగర్‌లో మారి, ఆరింటికే స్టేషన్ చేరుకున్నాను. సూరత్‌కు స్లీపర్ టికెట్టు మూడు వందల చిల్లర. ఆ రైల్లో వెళ్ళేవారు రాత్రి భోజనం ఇంటి నుంచి కట్టుకుని ఎక్కడం మంచిది. బల్లార్షా దాకా తినదగ్గది ఏదీ రాదు. నేను జొన్నరొట్టెలూ వెల్లుల్లి కారమూ పెట్టుకున్నాను.

తపాలా ఆఫీసులో ముప్ఫై ఏళ్ళ సర్వీసులో వారం రోజుల సెలవు ఒకేసారి పెట్టడం అదే మొదలు. సూరత్‌లో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపే మా తమ్ముడు రాజేశం అంతకు మూడు రోజుల ముందు ఫోన్ చేశాడు.

"అక్కా, నవీన్‌గాడు నా చేతిల లేడే. ఎవలో జిమ్ము నడిపేటాయిన ఎనక తిరుగుతుండు. ఇంట్ల మాట్లాడడు. కత్తులు, పగ అని ఏందేందో అంటడు. నువ్వొక్కసారి రా. నీ మాటయితే ఇంటడు."

నవీన్ నా మేనల్లుడు. ఇరవై ఏళ్ళవాడు. రాజేశం సూరత్ పోయినప్పుడు చంకలో పిల్లవాడు. ఇప్పుడు రింగ్ రోడ్‌లో ఒక చీరల హోల్‌సేల్ దుకాణంలో పార్సిళ్ళు కట్టే పనిలో ఉన్నాడు.

పొద్దున భుసావల్‌లో టీ తాగేటప్పుడు ఎదుటి బెర్తులోని తెలుగాయన పలకరించాడు. సూరత్‌లో బ్యాంకు ఉద్యోగం, భార్య, ఇద్దరు పిల్లలు.

"మేముండే వైపు చాలా ప్రశాంతమండీ. లింబాయత్ వైపు మాత్రం వెళ్ళకండి, అదంతా గొడవల ఏరియా" అన్నాడు.

"మా తమ్ముడి ఇల్లు అక్కడే" అన్నాను.

ఆయన, భార్య చేతిలోని పులిహోర డబ్బా తీసుకుని నా ముందు పెట్టాడు. మంచివాళ్ళే. నందుర్బార్ దాటేదాకా పిల్లల చదువుల గురించి మాట్లాడుకున్నాం.

మూడున్నరకు సూరత్‌లో దిగాను. రాజేశం వచ్చాడు. మనిషి సగమయ్యాడు. ఆటో రింగ్ రోడ్ మీదుగా వెళ్ళింది. మార్కెట్ల ముందు చీరల మూటలు లారీలకెక్కుతున్నాయి. తోపుడు బండ్ల మధ్య మా ఆటో ఇరుక్కుపోయింది. దేశంలో సగం మంది ఆడవాళ్ళు కట్టే చీర ఇక్కడ తయారవుతుందంటారు. అందులో మా సిరిసిల్లవాళ్ళ చేతులున్నాయన్న సంగతి నాకు ఎప్పుడూ కొంచెం గర్వమే.

లింబాయత్‌లో వాళ్ళది రెండు గదుల ఇల్లు. గల్లీ పొడుగునా సాంచెల చప్పుడు. మొదటి గంట చెవులు దిబ్బళ్ళు పడతాయి, తర్వాత అలవాటవుతుంది. మరదలు లలిత కాళ్ళకు నీళ్ళిచ్చి, "వదినా, వాడొచ్చినంక వెంటనే అడగకు. జర తిననీ" అంది.

నవీన్ ఏడింటికి వచ్చాడు. ఎత్తుగా, బలంగా ఉన్నాడు. నా కాళ్ళకు దండం పెట్టాడు. అన్నం తిన్నంతసేపూ బాగానే ఉన్నాడు. చేయి కడుక్కున్నాక నేనే అడిగాను.

"అదంత నీకు సమజ్ కాదత్తా" అన్నాడు. "మనోళ్ళు ఎప్పుడూ దెబ్బలు తినుడేనా? జిమ్ము భైయా మాకు సీడీల చూపించిండు, ఎక్కడెక్కడ ఏమేం చేసిన్రో. ఇప్పుడు హిసాబ్ బరాబర్ చెయ్యాలె."

ఆ మాటలు వాడివి కావు. ఎవరో అప్పజెప్పితే వల్లించినట్టున్నాయి. నాకు భయమేసింది, ఎందుకంటే అటువంటి మాటలు నేను అంతకు ముందు మా ఇంట్లోనే విన్నాను.

"దెబ్బకు దెబ్బ అనుకుంట పోతే యాడికి పోతవ్ బిడ్డా?" అన్నాను.

వాడు గోడ మీద, దళంలోకి పోయిన మా పెద్దన్న కనకయ్య ఫొటో చూపించాడు. "పెద్దబాపు తుపాకి పట్టలేదా? ఊళ్ళె ఇప్పటికీ ఆయన పేరు చెప్తరు. పెద్దబాపు పడితే ఒప్పు, నేను పడితే తప్పా?"

నా దగ్గర జవాబు ఉంది. ఇరవై రెండేళ్ళుగా దాచిపెట్టుకున్నాను. ఆ రాత్రి మాత్రం వాడికి పక్క పరిచి పడుకోమన్నాను.

మర్నాడు ఆదివారం. లలిత పొద్దున్నే కరకరలాడే శనగపిండి ఫాఫ్డా, జలేబీ తెప్పించింది. సూరత్ వెళ్ళినవాళ్ళు ఆ రెండూ కలిపి తినాల్సిందే. తిన్నాక నవీన్‌ను డాబా మీదికి పిలిచి కూర్చోబెట్టాను.

"మీ పెద్దబాపు అడవికి పోయినంక ఒక్కసారే ఇంటికొచ్చిండు. పగటిపూట, దొడ్డి దారిన. నేనొక్కదాన్నే ఇంట్ల ఉన్న. అన్నం పెట్టిన. కలిపిండు గని తినలే. ఏందన్నా అంటే చెప్పిండు. ఒక గీత కార్మికుడు పోలీసులకు ఖబర్ ఇస్తుండని పైనోళ్ళు చెప్పిన్రట. చంపే పని ఈయనకిచ్చిన్రు. చేసిండు. ఆ మనిషి ఖబర్ ఇయ్యలేదని పదిరోజులకు తెలిసింది. ఇద్దరు ఆడపిల్లలు ఆయనకు. 'సుశీలా, వాడు నా పేరు పెట్టి పిలిచిండే, నేను తెలిసినోన్నే వాడికి' అన్నడు. ఆ కలిపిన అన్నం అట్లనే ఇడిసిపెట్టి పోయిండు. మళ్ళ పీనుగే వచ్చింది."

నవీన్ నన్నే చూస్తున్నాడు.

"మరి ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదత్తా?"

"చెప్తే ఆయన చిన్నగైతడని. చెప్పక నిన్ను పాడు చేసిన."

వాడు లేచి పిట్టగోడ దాకా నడిచి వెనక్కి వచ్చాడు. తర్వాత జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి నా చేతిలో పెట్టాడు. అందులో ఇళ్ళ పేర్లు, గుర్తులు హిందీలో రాసి ఉన్నాయి. పక్క గల్లీలోని పదకొండు ముస్లిం ఇళ్ళు. వచ్చే శుక్రవారం ఊరేగింపు ఉంది. ఆ సందట్లో నిప్పు పెట్టాలి. ఈ గల్లీల్లోనే పుట్టి పెరిగినట్టు గనుక ఏ ఇల్లు ఎవరిదో రాసుకురమ్మని జిమ్ము భైయా వాడికి చెప్పాడట. సాయంత్రానికి ఇచ్చేయాలి.

మొదటి పేరు సలీంభాయ్. రాజేశం సాంచెలకు పదిహేనేళ్ళుగా పడుగు నూలు భీములు చుట్టి పంపేది ఆయనే. నవీన్‌కు పదేళ్ళప్పుడు తెగిన పోగు ముడివేయడం నేర్పింది కూడా ఆయనే.

"ముప్ఫై ఏండ్ల సంది నేను ఇంటి గుర్తులు రాస్తున్న బిడ్డా, ఉత్తరం చేరాలని" అన్నాను.

కాగితం చింపేయమందామనుకున్నాను. వాడే అన్నాడు: "చింపితే ఇంకోడు రాస్తడత్తా. సలీంచాచాకు నేనే చెప్పాలె. నువ్వు రా నాతోని."

రాజేశానికి చెప్పి పదకొండింటికి బయల్దేరాం. పట్టుమని రెండు వందల అడుగుల దూరం లేదు. వాడు మధ్యలో రెండుసార్లు ఆగాడు. నేను చేయి పట్టుకోలేదు. వాడంతట వాడే నడవాలనిపించింది.

సలీంభాయ్ గడప దగ్గర కూర్చుని నూలు కోన్లు లెక్కపెడుతున్నాడు. నవీన్ కాగితం అందించి, మొత్తం హిందీలో చెప్పాడు. ఎవరు రాయమన్నారు, ఎప్పుడు, కిరోసిన్ డబ్బాలు ఎక్కడ పెట్టారు, ఏదీ దాచలేదు.

"రాసింది నువ్వేనా?" అన్నాడు సలీంభాయ్.

"నేనే."

"నా ఇల్లు ఎన్నోది?"

"మొదటిది, చాచా."

ఆయన మొహం నల్లబడిపోయింది. లేచి చేయి ఎత్తాడు. నవీన్ కదలలేదు, తల కూడా తిప్పలేదు. ఎత్తిన చేయి అట్లాగే ఆగిపోయింది. లోపలి నుంచి ఆయన భార్య వచ్చి, ఏమీ అర్థంకాక మా ఇద్దరికీ చెరో గ్లాసు నీళ్ళు తెచ్చింది.

"తాగు" అన్నాడు సలీంభాయ్. "నీ మీద కోపం నాకు ఇప్పుడే పోదు. ముందు పిల్లల్ని చూసుకోవాలి."

ఆ తర్వాత అన్నీ పగటి వెలుగులోనే జరిగాయి. రెండు గల్లీల పెద్దలు, మా పద్మశాలీ సంఘం వాళ్ళతో సహా, పధ్నాలుగు మంది మూడింటికి పోలీస్ స్టేషన్‌కు నడిచి వెళ్ళారు. ఇన్‌స్పెక్టర్ మొదట నమ్మలేదు. "వాంగ్మూలం మీద సంతకం పెడతావా? ఈ కాగితం నీ చేతిరాతే అని కూడా రాయాలి" అన్నాడు నవీన్‌తో. రాజేశం నోరు తెరవబోయాడు. నవీన్ అప్పటికే పెన్ను అందుకున్నాడు. జిమ్ము మీది గదిలో కిరోసిన్ డబ్బాలూ ఇనుప రాడ్లూ దొరికాయి. భైయా అనేవాణ్ణి మర్నాడు కామ్‌రేజ్ దగ్గర పట్టుకున్నారని విన్నాం. మొదట నవీన్ మీద కూడా కేసు రాసి, తర్వాత సాక్షిగా మార్చారు.

మంగళవారం పని నుంచి వస్తుంటే ఆ జిమ్ము కుర్రాళ్ళు నలుగురు వాణ్ణి అడ్డగించి కొట్టారు. పెదవి చిట్లింది, ఎడమ కన్ను వాచింది. "గద్దార్, ద్రోహి" అన్నారట. లలిత ఏడుస్తూ వాణ్ణి సిరిసిల్లకు తీసుకుపొమ్మని నన్ను బతిమాలింది. నేనూ సిద్ధపడ్డాను.

"పోను" అన్నాడు. "అండ్ల ఇద్దరు నా దోస్తులు. కొట్టేటప్పుడు ఒకడు ఎనకకు జరిగిండు. వానితోని మాట్లాడాలె."

బుధవారం ఆ కన్నుతోనే పనికి పోయాడు. గురువారం ఆ వెనక్కి జరిగినవాడు ఇంటికొచ్చాడు. బక్కపలచటి పిల్లవాడు, గుజరాతీ. లోపలికి రాకుండా మెట్ల మీదే కూర్చున్నాడు. ఇద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారు. లలిత టీ ఇచ్చింది. శుక్రవారం ఊరేగింపు డప్పులతో వచ్చి, డప్పులతోనే పోయింది. సలీంభాయ్ షట్టరు సగం దించుకుని గడపలోనే నిలబడి చూశాడు. నవీన్ వెళ్ళి ఎదుటి అరుగు మీద కూర్చున్నాడు. డప్పులు దూరమయ్యేదాకా ఇద్దరూ కదల్లేదు.

శనివారం పొద్దున పదింటికి తిరుగు రైలు. వరంగల్ తెల్లవారుజామున చేరుస్తుంది, అక్కడి నుంచి ఆరు గంటల బస్సు దొరుకుతుంది. నవీన్ దుకాణంలో గంట పర్మిషన్ అడిగి స్టేషన్‌కు వచ్చాడు. దారిలో తినమని, ఢోక్లా లాంటి ఖమణ్ పొట్లం కిటికీలోంచి అందించాడు.

"అత్తా, ఆ గీత కార్మికుని బిడ్డలు యాడున్నరో తెలుసా?"

"తెలుసు. పెద్దదానికి మనియార్డర్ వస్తది మా ఆఫీసుకు, పెనిమిటి దుబాయిల ఉంటడు."

"నేనొచ్చినప్పుడు తీసుకపో."

రైలు కదిలింది. ప్లాట్‌ఫాం చివరిదాకా నడిచి వచ్చి, చేయి ఊపి, పనికి ఆలస్యమవుతుందన్నట్టు గబగబా వెనక్కి తిరిగాడు.

పక్క సీటులో ఒక గుజరాతీ ముసలామె అంతా చూస్తోంది. "ఆ వాచిన కన్ను ఏమిటమ్మా? ఎవరితో తగవు పడ్డాడు? నీ కొడుకా?" అని హిందీలో అడిగింది.

కనకయ్య అన్న గురించి ఎవరు అడిగినా, మెచ్చుకుంటూ అడిగినా సరే, నేను ఇన్నేళ్ళూ మాట మార్చేదాన్ని. ఈసారి మార్చలేదు. ఉధ్నా దాటి, బార్డోలీ దాటి, చెరకు తోటలు వచ్చేదాకా ఆమెకు మొత్తం చెప్పాను. వాడు జాబితా రాసిన సంగతీ చెప్పాను, దాన్ని సలీంభాయ్ చేతికే ఇచ్చిన సంగతీ చెప్పాను. చివర, నీ కొడుకా అని ఆమె అడిగిన దానికి కూడా జవాబు చెప్పాను.

"నా తమ్ముడి బిడ్డ. మా ఇంటి పిల్లవాడు."