నా బోణీ చెయ్యి

మా చిన్నప్పుడు కోంట బజారు వీధిలో షట్టర్లు లేచాయంటే మొదటి కేక నా పేరే... "చిట్టీ, రామ్మా, బోణీ చెయ్యి."

శబరి నది ఒడ్డున, తెలుగు సరిహద్దు దాటగానే ఉండే ఆ వీధిలో అరడజను తెలుగు కొట్లు. నా చెయ్యి మంచిదని మొదట ఎవరు తేల్చారో తెలియదు గానీ, నేను ఏదో ఒకటి కొంటే తప్ప వాళ్ళకి పొద్దు మొదలయ్యేది కాదు. ఇనప సామాను కొట్లో ఒక మేకు... సత్యం బాబాయి బట్టల కొట్లో ఒక దారపు ఉండ... అమ్మ ఇచ్చిన చిల్లర చేతిలో పెడితే కళ్ళకద్దుకుని గల్లాపెట్టెలో వేసుకునేవారు. మా ఇంట్లో పాత పౌడరు డబ్బా నిండా మేకులే. నాకు కాస్త పొగరు కూడా ఉండేది. పదేళ్ళ పిల్ల కోసం వీధి వీధంతా కాచుకుని ఉంటే ఎందుకుండదు?

ఆ ఎండాకాలం క్రికెట్ లీగు మొదలైంది. తహసీల్ ఆఫీసు హిందీ బాబులకి వాళ్ళ జట్లు వాళ్ళకున్నాయి. మాకు మన తెలుగు జట్టు. మ్యాచ్ ఉన్న సాయంత్రం సత్యం బాబాయి కొట్లో, తానుల మధ్య ఉన్న టీవీ ముందు మా వీధంతా చేరేది. మొదటి మ్యాచ్‌కి టీవీ నా చేతే పెట్టించారు. సీజన్‌కి బోణీ కదా మరి...

ఓడిపోయారు.

ఓపెనర్లకి కాళ్ళు కదలడం లేదని ఒకరు, టాస్ గెలిచి బ్యాటింగ్ తీసుకున్నవాడికి బుద్ధి లేదని ఇంకొకరు. ఇప్పుడేగా మొదలైంది, కంగారెందుకని మా నాన్న. రెండోసారీ నేనే పెట్టాను. అదీ పోయింది. ఆ రోజు బౌలర్ల మీద పడ్డారు. మూడోసారికి నా వేళ్ళు చెమట పట్టి బటన్ మీద జారాయి... అదీ పోయింది.

ఆ సాయంత్రం ఎవరూ ఎవరినీ తిట్టలేదు. అందరూ ఒక్కసారి నావైపు చూసి, మళ్ళీ టీవీ వైపు తిరిగారు. "బోణీ చెడితే ఇంతే" అన్నాడు సత్యం బాబాయి, మెల్లగా. ఆయన కోపంగా అనలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

మర్నాడు ముఖం కడుక్కుని, జడ వేయించుకుని గుమ్మంలో నిలబడ్డాను. బాబాయి షట్టర్ లేచిన చప్పుడు వినిపించింది... ఇనప కొట్టు షట్టరూ లేచింది... ఎవరూ పిలవలేదు. చిల్లర గుప్పిట్లోనే వేడెక్కింది. నా చెయ్యి నిజంగానే చెడిపోయిందేమోనని అరచెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నాను.

తర్వాతి మ్యాచ్ సంత రోజు పడింది. ఇప్పపూల కొనుగోళ్ళు మా నాన్న కొట్లో అప్పుడే మొదలు. ఏటా మొదటి గంపలోంచి మొదటి దోసెడు పూలు తీసి కాటాలో పోసేది నేనే. ఆ పొద్దున నాన్న నా ముఖం చూడకుండా, "నువ్వు లోపలే ఉండమ్మా" అన్నాడు. వీధి సంగతి సరే... మా నాన్న కూడానా అనుకున్నాను. తలుపు చాటున నిలబడి ఏడ్చాను.

గొల్లపల్లి నుంచి, అడవిలో పూలు ఏరి తెచ్చే సమ్మవ్వ వచ్చింది. ఏటా మా కొట్టుకి మొదటి గంప ఆమెదే. గంప దించకుండా పిల్ల ఏదని అడిగింది. నాన్న నసిగాడు. చివరికి, క్రికెట్టూ బోణీ గొడవంతా చెప్పక తప్పలేదు. క్రికెట్ అంటే ఏమిటో ఆమెకి తెలియదు.

"ఎక్కడో ఆటాడేటోళ్ళు ఓడితే బిడ్డ చెయ్యేం జేసింది సేటూ? మొదాల ఇప్పపువ్వు పలసగనే రాల్తది. అట్లని చెట్టు మీద అలిగి ఇంట్ల కూసుంటమా? తెల్లారి మళ్ళ పోతం. బిడ్డను పిలువు... లేకుంటే నా గంప దించ."

నాన్న పిలిచాడు. నేను కళ్ళు తుడుచుకుని వెళ్ళి దోసెడు పూలు తీశాను. కాటాలో పోయబోయి సగం కింద పోశాను. సమ్మవ్వ వంగి, వాటిని ఒక్కొక్కటే ఏరి కాటాలో వేసింది.

ఆ సాయంత్రం టీవీ సత్యం బాబాయే పెట్టుకున్నాడు. నేను ఇంట్లో మంచం మీద కూర్చుని... ఈ మాట ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు... మన జట్టు ఓడిపోవాలని దంతేశ్వరి తల్లికి మొక్కుకున్నాను. నా చెయ్యి పడకపోయినా ఓడాలి. ఓడితేనే నేను బతుకుతాను.

ఓడారు.

మర్నాడు పొద్దున్నే పిలుపొచ్చింది. బాబాయి తల గోక్కుంటూ దారపు ఉండ ఇచ్చి, చిల్లర ఎప్పటికంటే ఎక్కువసేపు కళ్ళకద్దుకున్నాడు. వెళ్ళానే గానీ, ఆ తర్వాత ప్రతి బోణీకీ ముందు అరచెయ్యి ఒకసారి తిప్పి చూసుకునేదాన్ని. ఆ పాత పొగరు మళ్ళీ రాలేదు.

ఇప్పుడు జగదల్‌పూర్‌లో ఉంటున్నాను. ఈ ఏడాది కూడా మనవాళ్ళు మొదటి మూడూ పోగొట్టుకున్నారు. ఫోన్‌లో మా కోంట గ్రూపంతా కెప్టెన్‌ని ఉతికి ఆరేస్తోంది. ఎవరి మ్యాచ్ వాళ్ళ ఫోన్‌లోనే చూసుకుంటున్నారు... టీవీ పెట్టడానికి ఎవరి చెయ్యీ అక్కర్లేదు. కొట్లలో బోణీ డబ్బు ఫోన్‌లో పడిందని గల్లాపెట్టె మీది డబ్బాలోంచి గొంతు చెబుతోంది, పిల్లల్ని కేకేసేవాళ్ళు లేరు.

నిన్న మ్యాచ్ మొదలయ్యే వేళకి మా ఐదేళ్ళ పాప, మా ఇంట్లో టీవీ తను పెడతానని రిమోట్ అందుకుంది. గబుక్కున లాక్కున్నాను. అది బిక్కమొహం వేసింది. ఓడితే నా చేతి మీదకే రానీ అనుకుని నేనే పెట్టాను.

మీ వీధిలో మంచి చెయ్యి ఎవరిదో రాయండి... ఒక రోజు కలిసి రాకపోతే, మర్నాడు వాళ్ళని మళ్ళీ పిలిచారో లేదో అది కూడా రాయండి.