ఏ దేశపు లెక్క అని అడిగే నయీమన్న

నయీమన్న ఇక లేడన్న కబురు మొన్న కామారెడ్డి బస్టాండు ఎదుటి చాయ్ హోటల్లో విని హతాశుణ్ణయ్యాను. అబద్ధమని వాదించాను కూడా. ఏ పనినీ ఒక్కసారిలో తెమల్చని మనిషి మరణాన్ని మాత్రం మధ్యాహ్నపు కునుకులో తెమల్చాడంటే ఎట్లా నమ్మేది?

మా ప్రాంతపు ప్రెస్సులకు కంప్యూటర్లు వచ్చిన కొత్తలో వాటికి తెలుగు నేర్పిన ప్రోగ్రాములు ఆయనవే. విద్వత్తు అపారం, విసిగించే శక్తి అంతకంటే అపారం. "మిషన్ ఏమనుకుంటున్నదో అడగకుండ పని జెప్పొద్దు తమ్మీ" అన్నది ఆయన నిత్యపారాయణం. భిక్నూర్ ధాబాలో చాయ్ పోసినవాణ్ణి సైతం "చక్కెర మీ లెక్కనా, మా లెక్కనా?" అని నిలదీస్తే, ఆ విచారణ తెగక హైవే పొడుగునా లారీలు ఆగిపోయాయి. నమ్మరా? పోనీ, సగం నమ్మండి.

ఒకసారి ఆయన వెంట ఎల్లారెడ్డిలో గంగారాం సేటు ప్రెస్సుకు పోయాను. బడిపిల్లల ప్రతిభా పరీక్షకు హాల్‌టికెట్లు అచ్చువేయాలి. తెల్లవారితే పరీక్ష. పేరు సరిగా లేని టికెట్‌తో వస్తే లోపలికి రానీయమని హెడ్మాస్టరు ఖండితంగా చెప్పాడు. నయీమన్న ప్రోగ్రాముతో కామారెడ్డిలో ముత్యాల్లా వచ్చిన పేర్లు అక్కడ పగిలిన గాజుముక్కల్లా వచ్చాయి.

"ఏందన్నా, హాల్‌టికెట్లంటే తాయెత్తులు గొట్టినవా?" అన్నాడు సేటు.

నయీమన్న యంత్రం ముందు కూర్చుని, ఒక్కొక్క అక్షరమే ఇచ్చి అదేం చేస్తుందో చూడసాగాడు. పొద్దు వాలింది. నా సహనమూ వాలింది. తుదకు గుట్టు తెలిసింది. ఇంగ్లీషు చిన్నక్షరాలను పెద్దవి చేయమని ప్రోగ్రాములో ఒక ఆజ్ఞ ఉంది. కామారెడ్డి యంత్రం ఇంగ్లీషునే ముట్టింది. సేటు తమ్ముడు మస్కట్ నుంచి తెచ్చిన, దేశం సెట్టింగు ఇంకా పరదేశానిదే ఉన్న ఈ యంత్రం మన తెలుగును కూడా ఏదో పరదేశపు చిన్నక్షరాలనుకొని "పెద్దవి" చేసింది.

"దేశం సెట్టింగు మార్చి పోదాం పా అన్నా, బస్సు పోతది" అన్నాను.

"మారిస్తే, ఆ దేశపు లెక్కల సేటు కొట్టే వీసా దరఖాస్తుల తారీఖులు తారుమారైతయి. ఆయన ఇంట్ల ఆయన లెక్కుండనీ. సర్దుకోవాల్సింది నా ప్రోగ్రాము."

"మరి పిల్లల సంగతి?"

"వాళ్ల కోసమే గదా కూసున్న. నువ్వు జర నోరు బంద్ జెయ్యి."

యంత్రాలు ఇచ్చే ఆ రెడీమేడ్ ఆజ్ఞను పీకేసి, ఇంగ్లీషు తప్ప మరి దేన్నీ ముట్టని సొంత ఆజ్ఞ రాశాడు. దీపాలు పెట్టే వేళకు పేర్లు నిర్మలంగా వచ్చాయి. బస్సు మాత్రం పోయింది.

మర్నాడు బడి గేటు దగ్గర చివరి పిల్ల లోపలికి పోయేదాకా నిలబడ్డాడు. చాయ్‌కి కూడా కదల్లేదు. ఆ తర్వాత నా ప్రాణం తీసే మాటన్నాడు: "ఆజ్ఞ మార్చిన గదా, ఇగ కామారెడ్డి మిషన్‌ను గూడ మళ్ల అడిగి సూడాలె."

ఎవరి యంత్రాన్నీ వంచకుండా తన విద్యనే వంచుకున్న ఆ మహనీయునికి, విసిగి విసిగి ప్రేమించిన నా నమస్సులు. ఇప్పుడు నా పనులన్నీ వేళకే అయిపోతున్నాయి. ఒక్కదాని మీదా నమ్మకం కుదరడం లేదు.