అన్నం వేళ పీకిన వైరు

గుంటూరు శివార్లలో మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో నేను కంప్యూటర్ ఆపరేటర్ని. మా ఆయన అక్కడే బస్తాలు మోసే హమాలీ. వరసగా ఉన్న నాలుగు స్టోరేజీలకీ కలిపి ఒకటే నెట్‌వర్క్. బస్తాల లెక్కలు, కెమెరాలు, ఎక్కడ చల్లదనానికి వాడే అమ్మోనియా గ్యాసు లీకైనా నాలుగు చోట్లా మోగే అలారం, అన్నీ దాని మీదే.

బిల్లు దగ్గర యజమానులకి తగువొచ్చింది. అందరూ రైతుబిడ్డలే. ఉమ్మడి ఆయిలింజనుకి ఎవరి చేను తడిస్తే వాళ్లే డీజిలు పోసుకునే పద్ధతిలో పెరిగారు. దీనికీ అదే న్యాయమన్నారు. ఎవరి వైరు ఎంతసేపు నడిస్తే అంత కట్టేలా ప్రతి ఆఫీసులో మీటరు డబ్బా పెట్టించారు.

అప్పట్నుంచి మా ఓనరుగారు భోజనానికి లేస్తూ, ఇంజను ఆపినట్టు వైరు పీకి, సొరుగులో పెట్టి తాళం వేసుకుపోయేవారు.

"అలారం కూడా దాన్లోనే వస్తదండి," అన్నాను.

"మోగని అలారానికి మీటరెందుకు తిరగాలమ్మా?"

లోభికి ఖర్చెక్కువని ఆయనకెవరు చెప్తారు? ఆయన తిరిగొచ్చేదాకా నాకు ముద్ద దిగేది కాదు. బస్తాలు పేర్చే చల్లగది, చాంబరు తలుపు వైపే చూస్తూ కూర్చునేదాన్ని. లోపల మా ఆయన ఉండేవాడు.

ఒక మధ్యాహ్నం ముక్కు పగిలేలా ఘాటు కొట్టింది. మిరపఘాటు నాకు తెలుసు, ఇది అది కాదు. అరుస్తూ పరుగెత్తాను. హమాలీలు దగ్గుతూ ఒక్కొక్కరే బయటపడుతున్నారు. వాళ్లలో మా ఆయన లేడు. అందరికన్నా చివర తువ్వాలు మూతికి చుట్టుకుని, ఒక ముసలాయన్ని రెక్కపట్టి ఈడ్చుకుంటూ వచ్చాడు.

"అలారం మోగలేదేంటే?" అన్నాడు, కళ్లు తెరవలేక.

ఇంతలో ఓనరుగారు ఎంగిలిచేత్తో పరుగెత్తుకొచ్చి, సొరుగు తీసి వైరు గుచ్చారు. అప్పుడు మోగింది, నాలుగు ఆఫీసుల్లోనూ.

మర్నాడు యజమానులు కూర్చుని, అలారం ఖర్చు తలా సమానంగా, మిగతాది మాత్రం మీటరు ప్రకారమే అని తేల్చుకున్నారు. రెండూ నడిచేది ఆ ఒక్క వైరులోనే. మా ఆయన మళ్లీ బస్తాలకి వెళ్తున్నాడు. భోజనానికి లేచేటప్పుడు ఓనరుగారి చెయ్యి ఇప్పటికీ ఆ వైరు వైపే పోతుంది. అందుకే నేను క్యారేజీ ఆ మీటరు డబ్బా ముందే విప్పుకుని, వైరుకి వీపు అడ్డంపెట్టి తింటాను.