నలభై ఒకటో పిజ్జా

2023 డిసెంబరు 9, శనివారం: నలభై ఒకటి. ధర్మపురి బస్టాండు దగ్గరి కిరుక్కు పిజ్జా దుకాణంలో ఆ రోజు పితికిపప్పు వేసి అమ్మిన పిజ్జాల సంఖ్య అది. నలభై మామూలుగా అమ్ముడైనవే. నలభై ఒకటోదాన్ని వండిన మనిషే కొని తిన్నది. మర్నాడు జరిగినదంతా ఆ ఒక్కదాని నుంచే మొదలైంది.

తమిళంలో కిరుక్కు అంటే పిచ్చి. ఆ కంపెనీ వ్యాపారమంతా ఆ పేరు మీదనే నడుస్తుంది. లోపలికి రాగానే రంగుల చక్రం ఒకటి ఉంటుంది. వచ్చినవాళ్లు దాన్ని తిప్పి, ముల్లు ఎక్కడ ఆగితే ఆ పిజ్జా తినాలి. ఉసిరికాయ ఊరగాయ, ఉలవచారు, వత్తల్‌మలై కాఫీపొడి కలిపిన బెల్లం, కాల్చిన పనసగింజలు అప్పటికే ఆ చక్రం ఎక్కి దిగిపోయాయి. వారానికొక కొత్త రకాన్ని పనివాళ్లే సూచించాలి. శనివారం ఒక్కరోజే నలభై దాటి అమ్ముడైతే ఆ రకం నిలుస్తుంది, సూచించిన మనిషి వంటగదికి పెద్ద అవుతుంది.

యోగలక్ష్మికి ఆ స్థానం కావాలి. కారణం ఆమె ఎడమచేతి ఉంగరపు వేలులో ఉంది. అది వంగదు. ఆరేళ్ల క్రితం రాగిసంగటి ఉండలు కట్టిందని భర్త దినకరన్ సంగటి కెలికే కట్టెతో ఆ వేలిని విరిచాడు. వత్తల్‌మలై కొండ అడుగునున్న ఆ తెలుగు రైతు ఇంట్లో దెబ్బలకు కారణాలు వెతకరు. దినకరన్ టెంపో నడుపుతాడు. పెత్తనం అతని అన్న ఆదిమూలానిది. కొడుకుల తల్లి గౌరమ్మ కూడా తన కాలంలో అదే కట్టెతో దెబ్బలు తిన్న మనిషి. యోగలక్ష్మి మారండహళ్ళి పిల్ల. వంటగది పెద్ద అయితే కంపెనీ దుకాణం పైన ఒక గది ఇస్తుంది. లోపల గడియ ఉన్న గది. ఆమెకు కావలసింది ఆ గడియ.

పితికిపప్పు అంటే అనపగింజలను రాత్రంతా నానబెట్టి, ఒక్కొక్క గింజనూ వేళ్ల మధ్య నొక్కి తోలు వదిలించి తీసిన పప్పు. చలికాలపు వంట. ఆ ఇంట్లో దానికొక కట్టుబాటు ఉంది. తమ చేలో కాసిన తొలి కాయ ఇంటిదేవత పెద్దమ్మకు మీదు, ముందుగా ఆమెకే తీసిపెట్టాలి. మంగళవారం వండి ఆమె ముందు పెట్టేదాకా కొత్త గింజను ఎవరూ నోట పెట్టకూడదు. పెడితే దేవతకు ఎంగిలి పెట్టినట్టు. ఆదిమూలం భార్య పోయిన తరువాత ఆ మీదు వండే పని యోగలక్ష్మిదే అయింది. ఆ సంవత్సరం మీదు డిసెంబరు 12న.

కాబట్టి ఆమె జాగ్రత్త పడింది. శుక్రవారం ఆమె పనికి వచ్చేసరికి మండీ నుంచి కాయలు దిగి ఉన్నాయి, మూట విప్పి ఉంది. దుకాణం మేనేజరు మోహనప్రియ ఆమె కన్నా చిన్నది, తమిళమే మాట్లాడుతుంది.

“ఇది ఎవరి చేనిది, ప్రియా?”

“మారండహళ్ళి సరుకని మండీవాడన్నాడక్కా. మీ పుట్టింటి కాయలే. వాటితో కూర్చుని మాట్లాడుకోండి.”

తమ చేని కాయ కాదు కనుక కట్టుబాటు అంటదని యోగలక్ష్మి నమ్మింది. శనివారం సాయంత్రం ఆరున్నరకు నలభై పూర్తయ్యాయి. ఒక్క పిండిముద్ద మిగిలింది, చక్రం దగ్గర ఎవరూ లేరు. నలభై దాటాలి. ఆమె ఆ చివరిదాన్ని కాల్చి, తానే కొని, నిలబడి తిన్నది. మోహనప్రియ నవ్వుతూ ఫోటో తీసి కంపెనీ పేజీలో పెట్టింది.

ఆదివారం పొద్దున దినకరన్ ఆ ఫోటోను ఆమె ముఖానికి ఆనించి చూపాడు. తరువాత అదే ఫోనుతో నోటి మీద కొట్టాడు. కింది పెదవి చీలింది. జుట్టు పట్టి వాకిట్లోకి ఈడ్చాడు. ఆమె నీళ్లతో నోరు కడుక్కుని, తొమ్మిదిన్నర బస్సెక్కి పనికి వచ్చింది. అడిగినవాళ్లకు తలుపు తగిలిందని చెప్పింది.

మధ్యాహ్నం మూడు గంటలకు ఆదిమూలం వచ్చాడు. వెనక గౌరమ్మ. ఎంగిలి చేసిన చోటును తన కళ్లతో చూస్తానని ఆమె పట్టుబట్టి వచ్చింది.

“ఏదే ఆ చక్రం? తిప్పు. నీ వంతుకు ఏమి వస్తుందో చూస్తాను,” అన్నాడు ఆదిమూలం. తిప్పకముందే దాన్ని కాలితో తన్ని పడేశాడు.

“బావా, ఇది మన చేని గింజ కాదు. అడిగే వండినాను.”

“ఊరంతా ఫోనులో నీ పళ్లు చూసింది. ఇంటికి అసింగం తెచ్చి, చేను లెక్కలు చెప్తావా?”

గౌరమ్మ మెల్లగా అన్నది. “మూడు దినాలు నోరు కట్టుకోలేకపోయినావా, యోగా?”

“మన గింజ అయితే కట్టుకుందును అత్తా.”

ఆదిమూలం బల్ల దాటి వంటగదిలోకి వచ్చాడు. పిజ్జాలను పొయ్యిలోకి తోసే పొడుగు చెక్కపలకను లాక్కుని ఆమె వీపు మీద రెండు దెబ్బలు, మోకాలి వెనక ఒకటి వేశాడు. ఆమె కూలబడింది. కుడి ముంజేయి పట్టి లేపి, “ఈ చేతితోనే కదా తిన్నావు,” అని పొయ్యి నోటి ఇనుప అంచుకు అదిమి పట్టాడు. చర్మం కాలిన వాసన బయట కూర్చున్నవాళ్లకు కూడా తెలిసింది. మోహనప్రియ అతని చొక్కా పట్టి లాగితే మోచేత్తో పొడిచాడు. ఆమె ముక్కు నుంచి రక్తం కారింది.

యోగలక్ష్మి ఎడమచేయి బల్ల మీద తడుముకుంది. పిజ్జా కోసే వంపుకత్తి దొరికింది. వంగని వేలు పిడి బయటే ఉండిపోయింది. మిగతా వేళ్లతో పట్టుకుని అతని భుజం మీద దింపింది. ఆమె గురి చూడలేదు. కత్తి ఎముక దాకా దిగింది. అతను చేయి వదిలి, పిండి డబ్బాల మీదుగా నేల మీద పడ్డాడు. తెల్లటి పిండి అతని కిందనే ఎర్రబడింది. ఆమె కత్తి మళ్లీ ఎత్తింది.

గౌరమ్మ ఇద్దరి మధ్యకు వచ్చింది గానీ కోడలిని చూడలేదు, కొడుకును చూడలేదు. ఆదిమూలం పక్కన, పొట్టు ఎత్తడానికి పరిచిన ఖాళీ గోనెసంచి ఉంది. ఆమె వంగి దాని మూతి పట్టుకుంది. సగం తెగిన కుట్టు ఇంకా వేలాడుతోంది. దారం కాదు, పాత చీర అంచు చింపిన నీలం పీలిక. మండీ నుంచి ఖాళీ సంచులు తిరిగి వచ్చినప్పుడు గుర్తుపట్టడానికి ప్రతి ఇంటికీ ఒక కుట్టు ఉంటుంది. నీలం పీలిక గౌరమ్మది. చీర కూడా ఆమెదే.

“ఈ కుట్టు నాది.”

ఆమె సంచి మూతిని ఆదిమూలం ముఖం ముందు పట్టింది.

“కాయలు పెద్దమ్మకని నా చేత కుట్టించినావు. ఎప్పుడు వేసినావు మండీకి?”

“గురువారం. ధర మంచిగా ఉండె. మంగళవారానికి ఇంకో కోత వస్తుంది కదా అనుకుంటి.”

“తొలి కోత అమ్మినావు. అమ్మి, దీని చేయి కాల్చినావు.”

గౌరమ్మకు డెబ్బై ఏళ్లు. కింద పడిన చెక్కపలకను రెండు చేతులతో ఎత్తి, తెగిన భుజం మీదనే కొట్టింది. అతని అరుపు విని వీధిలోవాళ్లు లోపలికి తొంగి చూశారు. రెండోసారి ఎత్తబోతే యోగలక్ష్మి కత్తి వదిలేసి పలక పట్టుకుంది.

“చాలు అత్తా. చస్తాడు.”

“చావడు. వీళ్ల నాయన కూడా చావలేదు, ఎన్నిసార్లు మొక్కుకున్నా,” అని గౌరమ్మ పిండిలోనే కూర్చుంది.

ఆదిమూలానికి పదకొండు కుట్లు పడ్డాయి. పోలీసులు రెండు ఫిర్యాదులూ రాసుకున్నారు, ఒకటి కాల్చినందుకు, ఒకటి నరికినందుకు. ఇంటికి వెళ్లి సర్దుకొమ్మని చెప్పిన పెద్దమనుషులతో యోగలక్ష్మి ఇంటికి పోనని చెప్పింది. దినకరన్ స్టేషను బయట టెంపోలో కూర్చున్నాడు, దిగలేదు. ఆమె ఆ రాత్రి నుంచి దుకాణం పైగదిలో, మోహనప్రియ ఇచ్చిన తాళంతో, ఉండిపోయింది.

రెండు రోజులకు, మంగళవారం పొద్దున గౌరమ్మ ఒంటరిగా ఆ గదికి వచ్చింది, సంతలో ఎవరి దగ్గరో కొన్న గింజలను ముందురాత్రే నానబెట్టి తెచ్చింది. తమ చేని గింజ ఈ ఏడు పెద్దమ్మకు లేదన్నది. కోడలి కుడిచేతికి కట్టు ఉంది, ఎడమచేతి వేలు వంగదు. అందుకని గౌరమ్మే పితికింది, యోగలక్ష్మి పొయ్యి చూసింది. మీదు ఆ గదిలోనే పెట్టారు. కొడుకులిద్దరికీ కబురు పంపలేదు.

శుక్రవారం కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఎవరో తీసిన కొట్లాట వీడియో అందరూ చూశారు కనుక చక్రాన్ని తీసివేయాలి, పితికిపప్పు పిజ్జా మాత్రం ఉంటుంది, వంటగదికి యోగలక్ష్మి పెద్ద. ఆమె ఒక్క షరతు పెట్టింది. కాయల మూటలను తాను రాకముందు ఎవరూ విప్పకూడదు. శనివారం దిగిన మూట మూతిని ఆమె వెలుతురులోకి తిప్పి చూసింది. పచ్చ నైలాన్ దారం, కొసకు రెండు ముళ్లు. ఎవరిదో తెలియదు. మండీకి ఫోను చేసి, ఆ కుట్టు వేసిన ఇంటి మీదు అయిందా అని అడిగించి, అయిందన్నాక కుట్టు తెంపడానికి కత్తి తీసుకుంది.