నా కళ్లకు కారం అంటదు

ఆ రోజుల్లో పదిహేనేళ్లు నిండిన ప్రతి ఆడపిల్లకూ ఏదో ఒక మహత్తు ఉంటుందనీ, అది బయటపడటమే ఆలస్యమనీ నా గట్టి నమ్మకం. దీనికంతటికీ కారణం వారపత్రికల్లో సీరియళ్లు. వాటిలో నా ఈడు పిల్లలు కంటిచూపుతో తాళాలు తీసేవాళ్లు, గోడల్లోంచి నడిచిపోయేవాళ్లు. నేనేమో మార్టూరు దగ్గర ఒక పల్లెలో, బడిపంతులుగారి అమ్మాయినై, పదో తరగతి లెక్కలతో కుస్తీ పడుతుండేదాన్ని. ఈ అన్యాయం భరించలేక రెండు వందల పేజీల నోటుబుక్కు కొని నేనే ఒక నవల మొదలుపెట్టాను. అందులో కథానాయిక చూస్తే చాలు నిప్పు చల్లారేది, ముట్టుకుంటే చాలు కారం చప్పబడేది. (అలాంటి పిల్ల మా జిల్లాలో నిజంగా ఉంటే మిరప రైతులు ఊళ్లోంచి తరిమేసేవారన్న సంగతి అప్పుడు తోచలేదు.)

నవల మొదటి భాగం బడిలో చదివి వినిపిస్తే ఆడపిల్లలంతా ఆహా ఓహో అన్నారు. ఆ సాయంత్రమే నాకు జ్వరం తగిలింది. దిష్టే అని నాయనమ్మ తేల్చేసింది. "మనం ప్రార్థన చేసుకునేవాళ్లం, ఈ దిష్టులేంటమ్మా?" అని నాన్న విసుక్కుంటే, "నీ ప్రార్థన నువ్వు చేసుకోరా నాయనా, నా మిరపకాయలు నేను తిప్పుకుంటా" అంది. మర్నాడు నాన్న బడికి వెళ్లేదాకా ఆగి, గుప్పెడు ఎండుమిరపకాయలు నా చుట్టూ మూడుసార్లు తిప్పి పొయ్యిలో పడేసింది. మామూలుగా అయితే ఇంటిల్లిపాదీ ఘాటుకు దగ్గి చావాలి. దగ్గు రాలేదంటే దిష్టి గట్టిగా తగిలినట్టు లెక్క. ఆ రోజు ఒక్కరూ దగ్గలేదు. "చూశారా! ఒక్క దగ్గన్నా రాలా! ఎంతమంది కళ్లు పడ్డాయో పిచ్చిదాని మీద!" అని నాయనమ్మ బుగ్గలు నొక్కుకుంది. నాకు మాత్రం ఒళ్లు ఝల్లుమంది. ఇది దిష్టి కాదు, నేనే! ఇన్నాళ్లూ నేను రాసింది కథ కాదు, నా చరిత్రే అనుకున్నాను.

జ్వరం తగ్గగానే ఈ రహస్యం బాబాయి కూతురు బుడ్డికి చెప్పాను. నాకంటే ఏడాది చిన్నది, అనుమానాలు మాత్రం నలభయ్యేళ్లవి. "అయితే నాకు చూపించక్కా" అంది. అది శనివారం. సోమవారం నుంచి నాకు పబ్లిక్ పరీక్షలు. ఇద్దరం బాబాయి మిరప కళ్లానికి వెళ్లాం. ఎర్రగా పరిచిన కాయల చుట్టూ పదిమంది ఆడవాళ్లు కూర్చుని ఏరుతున్నారు. నేను ఒక నిగనిగలాడే కాయ తీసుకుని, మధ్యకు చీల్చి, గింజలు వేళ్లకు రాసుకుని, రెండు కళ్లూ బాగా రుద్దుకున్నాను. ఒక్క క్షణం ఏమీ కాలేదు. "చూశావా?" అన్నాను గొప్పగా. తర్వాత నా నోట్లోంచి వచ్చినవి మాటలు కావు. "ఓయమ్మో, పంతులుగారి పాప కళ్లలో కారం పోసుకుందే! మజ్జిగ తీసుకురాండే!" అని ఆడవాళ్లు పరుగెత్తారు. పిన్ని కూలివాళ్ల కోసం తెచ్చిన కుండెడు మజ్జిగా నా మొహాన్నే అయిపోయింది.

పిన్నీ బుడ్డీ ఇంటికి నడిపించుకొస్తే, కళ్ల మీద తడిగుడ్డతో మంచం మీద పడుకున్నాను. తెరిస్తే మంట, మూస్తే భయం. చూపు పోతే పరీక్షలెలా రాస్తాను? పరీక్షల సంగతి అలా ఉంచితే, నాన్న మొహం మళ్లీ చూస్తానా? "ప్రభువా, నాకు ఏ శక్తీ వద్దు. చూపు ఇస్తే చాలు. లెక్కల్లో ముప్పై అయిదు వస్తే మరీ మంచిది" అని వేడుకున్నాను. నాన్న బడి నుంచి పరుగెత్తుకొచ్చిన చప్పుడు వినిపించింది. "ఎందుకు చేశావమ్మా ఇలాంటి పని?" అంటూ నా తల నిమిరారు. దిష్టి తీసినప్పుడు ఘాటు రాకపోవడం, దాంతో నాకు కలిగిన జ్ఞానోదయం, అంతా ఏడుస్తూ చెప్పేశాను.

నాయనమ్మ నెమ్మదిగా అంది: "ఇది ఇంత పని చేసిద్దని నాకేం తెలుసురా? మంచి కాయలు ఎవరన్నా పొయ్యిలో పోస్తారా? నీ తమ్ముడు కళ్లంలో ఏరి పక్కన పోసిన తాలుకాయలు తెచ్చి తిప్పా." తాలుకాయలంటే రంగు పోయి, తెల్లబడి, కారం చచ్చినవి. వాటిని కాలిస్తే ఇక దగ్గెక్కడిది! దిష్టిని జన్మలో నమ్మని నాన్నకు అప్పుడొచ్చింది కోపం. "దిష్టి తీసేటప్పుడైనా మంచి కాయలు వాడొద్దా అమ్మా!" అని అరిచారు. ముందు బుడ్డి కిసుక్కుమంది, తర్వాత పిన్ని, చివరికి ఏడుస్తూనే నేను.

ఆ నవ్వులో తడిగుడ్డ జారింది. ముందు ఇద్దరు నాన్నలు కనిపించారు, కాసేపటికి ఒక్కరయ్యారు. గోడ మీద క్యాలెండరు చూపించి చదవమన్నారు. తేదీలతో సహా గడగడా చదివాను. ఆయన మంచం పట్టె మీద కూలబడి కండువాతో కళ్లు తుడుచుకున్నారు. పాపం, ఆయన మిరపకాయ ముట్టుకున్నదీ లేదు. నేను అందరిలాంటి మామూలు పిల్లనని తెలిసి నాకు పట్టలేనంత సంతోషం కలిగింది. సోమవారం ఎర్ర కళ్లతో వెళ్లి పరీక్ష రాశాను, లెక్కల్లో గట్టెక్కాను కూడా.

ఇప్పుడు వంటింట్లో పచ్చిమిరపకాయ తరిగినా నాలుగుసార్లు సబ్బుతో చేతులు కడుక్కుంటాను. కడుక్కుంటూ ఆ పిల్లను తలుచుకుని నవ్వుకుంటాను. దేన్నీ అంత గట్టిగా నమ్మడం నాకు మళ్లీ చేతకాలేదు. చేతనైతే బాగుండునని ఒక్కోసారి అనిపిస్తుంది.