పొద్దున వంగని వేళ్లు

వాన పట్టిన ఉదయాల్లో మా కోడలు నా మోకాలి కాపడానికి వావిలాకు వేసి నీళ్లు కాస్తుంది. ఆ ఘాటైన ఆవిరి ముక్కుకు తగలగానే నేను మళ్లీ జగ్గయ్యపేటలో మూడో తరగతి చదివే పిల్లనైపోతాను. వెంటనే కరుణమ్మ టీచరుగారు గుర్తుకొస్తారు.

యాభైల చివరి రోజులవి. అమ్మ నా పసితనంలోనే పోయింది. నాన్న, నాయనమ్మ పెంచారు. ఎనిమిదో ఏట నాకు మోకాళ్లు, మణికట్లు, వేళ్ల కణుపులు వాచిపోవడం మొదలైంది. పొద్దున లేస్తే ఒళ్లంతా కొయ్యబారినట్టుండేది. మంచినీళ్ల గ్లాసు పట్టుకోవాలన్నా రెండు చేతులూ కావాలి. ఎండ ఎక్కేకొద్దీ కీళ్లు కాస్త వదులయ్యేవి. మధ్యాహ్నానికి తోటిపిల్లలతో తొక్కుడుబిళ్ల కూడా ఆడేదాన్ని. అదే నా మీదికొచ్చింది. "బడి టైముకే దీనికి కాళ్లు పడిపోతాయి, ఆటలకి మాత్రం లేచొస్తాయి," అనేది నాయనమ్మ. వినీ వినీ, నేను నిజంగానే దొంగవేషాలు వేస్తున్నానేమోనని నాకే అనుమానం వచ్చేది.

కరుణమ్మగారిది నందిగామ. మా బడికి బదిలీ మీద వచ్చి, పేటలోనే ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవారు. తెల్లటి నేత చీర, బిగించి వేసిన ముడి, మాట కాస్త కరుకు. ఒక ఉదయం ఆమె డిక్టేషన్ చెబుతుంటే నా పెన్సిలు రెండుసార్లు జారిపడింది. రాసిన నాలుగు ముక్కలూ కొక్కిరిబిక్కిరిగా ఉన్నాయి. "చెయ్యి చాపు," అన్నారు. రూళ్లకర్ర వాచిన కణుపుల మీద పడింది. ఏడవడానికి కూడా ఊపిరి అందలేదు నాకు.

ఆ మధ్యాహ్నం అదే పాఠం చూచిరాత రాయించారు. పుస్తకాలు దిద్దుతూ నన్ను పిలిచారు.

"ఇదెవరు రాశారే?"

"నేనేనండి."

"మరి పొద్దున రాసింది?"

"అదీ నేనేనండి. పొద్దున వేళ్లు వంగవండి."

ఆమె నా చెయ్యి పట్టుకుని ఒక్కో కణుపూ తడిమి చూశారు. ఆ తర్వాత రెండు వారాలపాటు నేనెలా నడిచొస్తున్నానో, ఏ గంటకు పిడికిలి బిగించగలుగుతున్నానో గమనిస్తూ ఒక కాగితం మీద రాసుకున్నారు.

ఒక సాయంత్రం మా ఇంటికొచ్చారు. అరుగు మీదున్న నాన్నతో, నేను వింటుండగానే, "రామయ్యగారూ, మీ పిల్లని అన్యాయంగా కొట్టానండి. తప్పు నాది," అన్నారు.

నాన్న కంగారుపడ్డాడు. "అయ్యో, టీచరుగారు కొట్టకపోతే ఎవరు కొడతారండి!"

ఆమె నా వైపు తిరిగి, "ఎందుకిలా రాశావని ఒక్కమాట అడక్కుండానే కొట్టానమ్మా సుశీలా," అన్నారు. పెద్దవాళ్లు పిల్లలతో అలా మాట్లాడడం నేనెన్నడూ వినలేదు. తర్వాత నాయనమ్మను అడిగారు. "మామ్మగారూ, ఆదివారం బడి ఉండదు కదండీ. ఆ రోజు పొద్దున్నే బాగా లేస్తుందా?"

"లేదమ్మా. ఆ రోజూ అంతే," అని నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ శనివారమే నాన్న, నేను, టీచరుగారు బెజవాడ బస్సెక్కాం. పరిటాల దాటేవరకూ ఒకటే గతుకులు. నా కాళ్లు తన ఒళ్లో పెట్టుకుని కదలకుండా పట్టుకున్నారామె. పిల్లల డాక్టరుగారు నన్ను పరీక్ష చేసి, టీచరుగారి కాగితం రెండుసార్లు చదివారు. "ఇది పిల్లలకొచ్చే కీళ్లవాతం. పొద్దునపూట ఇలా బిగుసుకుపోవడం దీని గుర్తు. ముసలివాళ్ల జబ్బనుకుని చాలామంది పోల్చుకోరు," అన్నారు. అన్నం తిన్నాక వేసుకోమని ఆస్పిరిన్ బిళ్లలు రాశారు. వేడినీళ్ల కాపడం పెట్టమన్నారు; ఆ నీళ్లలో నాయనమ్మ వావిలాకు వేసేది. మంచానికే అంటిపెట్టుకుని ఉండకుండా కీళ్లు ఆడించమన్నారు. ఈ జబ్బు నొప్పి తెలియకుండానే కళ్లకూ చేటు చేయొచ్చు కాబట్టి కొన్ని నెలలకోసారి చూపించమన్నారు.

"తగ్గిపోతుందాండీ?" అని అడిగాడు నాన్న.

"కొందరికి తగ్గుతుంది, కొందరికి ఉండిపోతుంది. ఇప్పుడే చెప్పలేం."

అప్పట్నుంచి నాకు పొద్దున నోటిపాఠాలు, మధ్యాహ్నం రాత. అయినా పిల్లలు "ముసలమ్మ" అని ఏడిపించేవారు. ఒకరోజు టీచరుగారు తన వేళ్లకు చీపురుపుల్లలు దారంతో కట్టుకుని బోర్డు మీద రాశారు. వంకర అక్షరాలు చూసి అందరూ నవ్వారు. "ఇప్పుడు మీరు రాయండి," అంటూ ఒక్కొక్కరికీ కట్టారు. కాసేపటికి గదిలో నవ్వులు ఆగిపోయాయి. నా పక్కన కూర్చునే మేరీ, "రోజూ ఇంతేనా నీకు?" అంది. మర్నాటినుంచి నా పుస్తకాల సంచి తనే మోసింది.

పదిహేనేళ్లు వచ్చేసరికి వాపులు తగ్గుముఖం పట్టాయి. ఎడమ మోకాలు మాత్రం ఈనాటికీ పూర్తిగా చాపలేను. అరవైల చివర నాకు టీచరు ఉద్యోగం వచ్చినప్పుడు నందిగామ వెళ్లి ఆమెకు దండం పెట్టాను. కాఫీ ఇచ్చి, పక్కన కూర్చోబెట్టుకుని, "నువ్వూ ఎప్పుడో పొరబడతావు సుశీలా. దేవుడికి చెప్పుకునే ముందు ఆ పిల్లకి చెప్పు," అన్నారు.

ఉద్యోగంలో అలా చెప్పాల్సిన అవసరం నాకు నాలుగుసార్లు వచ్చింది. మొదటిసారి క్లాసు ముందు నిలబడి ఒక పిల్లని పిలిచాను. చెయ్యని తప్పుకి నేను తిట్టిన ఆ పదేళ్ల పిల్ల, మళ్లీ ఏమంటానోనని తల వంచుకుని నిలబడింది. తప్పు నాదేనని ఎలాగో చెప్పాను. వింటూ వింటూ ఆ పిల్ల మెల్లగా తలెత్తింది.

"పర్లేదండి టీచరుగారూ," అంది.